రంగానికి సెలవు

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది సభలో పంచాంగము చదివే సిద్ధాంతిగారికి పని వున్నది, పద్యములు చదివే కవులకు పని వున్నది. బరంపురము స్టేషనులో పార్సిళ్ళు తూచి రసీదులు వ్రాసే మాబోటివారికి మైకు ముందు ఏమి పని అని కార్యదర్శిగారితో అన్నాము. మా చదువు మెట్రిక్‌తో ఆగినది. వారు వినలేదు. "మీ నాయనమ్మగారు రంగం కబుర్లు చెప్పేవారు గదా, అవే చెప్పండి, పిల్లలు వింటారు" అన్నారు. ఆ కబుర్లకు మేము చదివి తెలుసుకొన్న నాలుగు ముక్కలు కలిపి చెప్తాము. పులిహోర చల్లారేలోగా ముగిస్తాము.

రంగము అంటే ఏమిటో తెలియని పిల్లలు ఇప్పుడు మన ఇళ్ళలో వున్నారు. మొన్న ఒక కుర్రవాడు నాటకశాల అనుకొన్నాడు. వాని తప్పు లేదు. రంగము అంటే రంగూను, బర్మా దేశపు పెద్ద పట్టణము. 1989లో పట్టణము పేరు యాంగాన్ అనీ, దేశము పేరు మియన్మా అనీ మార్చినారు. 2005 చివర నుండి రాజధానిని కూడ నేపిడా అనే కొత్త ఊరికి తరలించినారు. మన తాతలు మాత్రము రంగూను అని కూడ అనలేదు, రంగమనే అన్నారు. "వాడు రంగం వెళ్ళినాడు" అంటే ఊరిలో అప్పు వున్నదనీ, ఇంటిలో పెళ్ళి కావలసిన చెల్లెలు వున్నదనీ, రెండు మూడేళ్ళ వరకు వాని కోసము ఎదురు చూడవద్దనీ అర్థము. ఒక్క మాటలో ఇన్ని సంగతులు ఇమిడి వుండేవి.

మన గంజాము వారికి రంగము అంత దూరము కాదు. ఇక్కడికి పదహారు కిలోమీటర్లలో గోపాలపురము రేవు. స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదు, దూరముగా లంగరు వేసి నిలిచేది. జనమును పడవలలో అలలు దాటించి ఎక్కించేవారు. తరువాత మూడు నాలుగు రోజులు డెక్కు మీదనే తిండి, డెక్కు మీదనే నిద్ర. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, కాకినాడల నుండి కూడ ఇట్లే వెళ్ళినారు. యానాము పక్కన కోరంగి అనే పాత రేవున్నది. ఆ పేరే అక్కడ తెలుగువారందరికీ అంటుకొన్నది. శ్రీకాకుళము వాడు వెళ్ళినా, మన బరంపురము వాడు వెళ్ళినా రంగములో వాడు కోరంగివాడే. రేవులో మూటలు మోసినవాడు కోరంగి, రిక్షా లాగినవాడు కోరంగి, సంక్రాంతి మొదలు వేసవి వరకు బియ్యపు మిల్లులలో చెమటోడ్చినవాడు కోరంగి, నది కవతల సిరియములో కిరసనాయిలు శుద్ధి చేసే కర్మాగారములో పని చేసినవాడూ కోరంగియే. పట్టణము వీధులు ఊడ్చినది కూడ వారే. మేస్త్రీ ఇచ్చిన బయానా తీరువరకు వాని జీతము వానిది కాదు. ఈ సంగతి మన పెద్దలు తక్కువగా చెప్పేవారు. తిరిగి వచ్చినప్పుడు తెచ్చిన సిల్కు లుంగీ, గొడుగు, లక్క పెట్టె వీటిని గురించే ఎక్కువగా చెప్పేవారు.

ఇంగ్లీషువారు 1852లో రంగమును పట్టుకొన్న తరువాత చదరంగపు గళ్ళ వలె వీధులు గీసి, సూలే పగోడాను నడుమ పెట్టి పట్టణము కట్టినారు. 1931 జనాభా లెక్కల నాటికి అక్కడ నాలుగు లక్షల జనము వుంటే, అందులో సగమునకు పైగా ఇండియా నుండి వెళ్ళినవారే. అనగా బర్మావాని పట్టణములో బర్మావాడు సగము కూడ లేడు. ఈ మాట గుర్తుంచుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాము.

రైల్వేవాళ్ళము కనుక ఇంకొక ముక్క చెప్పకుండా వుండలేము. మన ఇళ్ళలో సొంత రచయిత వలె చదువుకొన్న శరత్ బాబు 1903లో రంగము వెళ్ళి 1916 వరకు అక్కడే వున్నారు. మొదట కొంతకాలము బర్మా రైల్వే ఆడిటు ఆఫీసులో తాత్కాలికపు ఉద్యోగము, తరువాత అకౌంట్సు ఆఫీసులో గుమాస్తాగిరీ. భార్యనూ బిడ్డనూ ప్లేగు పాలు చేసుకొన్నది ఆ ఊరిలోనే. కథలు వ్రాసి పేరు తెచ్చుకొన్నదీ ఆ ఊరిలో వున్న రోజులలోనే. అంత మహానుభావుడు మనవలె లెడ్జర్లు దిద్దినాడంటే మా ఆఫీసులో కొందరికి ఇప్పటికీ నమ్మకము కుదరదు.

ఇప్పుడు అసలు సంగతి. మన భాషలో సెలవు అనే మాట చిత్రమైనది. పని లేని రోజూ సెలవే, అనుమతీ సెలవే, వీడ్కోలూ సెలవే. "సెలవిప్పించండి" అంటే వెళ్ళుటకు అనుమతి ఇవ్వండి అని. అవతలివారు ఇస్తేనే అది సెలవు. ఇవ్వకుండా వెళ్తే పారిపోవడము, వద్దంటున్నా పంపితే గెంటివేయడము. మన వాళ్ళు రంగమును మూడు మార్లు విడిచినారు. ఆ మూడు మార్లలో సెలవు ఎన్ని మార్లు దొరికినదన్నదే మాకు చాలా రోజులుగా తొలుస్తున్న ప్రశ్న.

కూలివాళ్ళకే ఈ గతి పట్టినదనుకోకండి. ఢిల్లీ పాదుషా బహదూర్ షాను ఇంగ్లీషువారు 1858లో రంగము పంపితే ఆయన 1862లో అక్కడే కన్ను మూసినారు. బర్మా రాజు తీబాను 1885లో మాండలే నుండి ఓడ ఎక్కించి మద్రాసు తెచ్చి, తరువాత రత్నగిరిలో వుంచితే ఆయన 1916లో అక్కడే పోయినారు. వారి రాజు మన దేశములో, మన రాజు వారి దేశములో. ఇద్దరికీ తమ ఊరి నుండి సెలవు పుచ్చుకొనే తీరిక ఇవ్వలేదు.

మొదటి మారు 1930. మే నెలలో రేవు కూలీలైన మన తెలుగువాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టినారు. ఆ నెల 5వ తేదీననే పెగూలో భూకంపము వచ్చి రంగములో కూడ ఇళ్ళు కూలినవి. కంపెనీలవారు బర్మా కూలీలను పెట్టుకొని పని నడిపించినారు. తరువాత సమ్మె పరిష్కారమై మనవాళ్ళు పనిలోకి వెళ్ళగానే బర్మావాళ్ళను పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలైనది. వందమందికి పైగా చచ్చిపోయినారు, ఎక్కువ మంది మనవాళ్ళే. వేలమంది దొరికిన స్టీమరు ఎక్కి తిరిగి వచ్చినారు. ఆకలిగొన్న ఇద్దరి మధ్య ఒక్క రొట్టె పడవేసి తమాషా చూసినవాడు మూడోవాడు, వాడు మాత్రము క్షేమముగానే వున్నాడు.

రెండవ మారు 1942. ఇక్కడి నుండి మా నాయనమ్మ కథ. ఆమె 1938లో రంగములో పుట్టినది. అప్పటికి అది పరదేశమై ఒక ఏడాది అయినది. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా ఇండియాలో ఒక భాగము, ఆ రోజున విడదీసినారు. సరిగా ఒక ఏడాది ముందు, 1936 ఏప్రిల్ 1న, మన బరంపురము మద్రాసు రాజధాని నుండి విడివడి కొత్త ఒరిస్సా రాష్ట్రములో చేరినది. అక్కడివారూ కదలలేదు, ఇక్కడివారూ కదలలేదు, సరిహద్దులే కదిలినవి. మా ముత్తాత రంగము మిల్లులో వుండగానే పరదేశి అయినాడు. ఆయన అన్నగారు ఇక్కడ వీధి అరుగు మీద కూర్చుని వుండగానే పర రాష్ట్రము వాడైనాడు.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగము మీద బాంబులు వేసినవి. జనము వీధులలోకి వచ్చి ఆకాశము వంక చూస్తూ నిలబడినారు. అట్లా నిలబడినవారే ఎక్కువగా చచ్చిపోయినారు. క్రిస్మసు నాడు మళ్ళీ వేసినారు. స్టీమరు టిక్కెట్టు కూలివానికి అందే వస్తువు కాదు. 1942 మార్చి 8న రంగము జపాను వశమైనది. ఆ లోపుగానూ ఆ తరువాతనూ సుమారు అయిదు లక్షల మంది ఇండియావాళ్ళు బర్మా విడిచినారని అంచనా. వేలకు వేలు దారిలోనే పోయినారు.

మావాళ్ళు ఫిబ్రవరిలో బయలుదేరినారు. రంగము నుండి ప్రోము వరకు రైలున్నది. బర్మాలో మొట్టమొదట 1877లో వేసిన రైలుదారి అదే, 161 మైళ్ళు. ప్రోము దగ్గర ఐరావతి నది దాటి, అరకాను కొండల మీదుగా టాంగప్ వరకు సుమారు నూరు మైళ్ళు కాలినడక. మా ముత్తాత కావడి కట్టినాడు. ఒక బుట్టలో బియ్యము, గిన్నెలు, రెండవ బుట్టలో నాలుగేళ్ళ మా నాయనమ్మ. ఆ నడకలో ఆమెకు జ్ఞాపకమున్నది ఒక్కటే. దాహము వేసి వాగు దగ్గరకు పరుగెత్తితే వాళ్ళ అమ్మ చెంప మీద కొట్టి, నోటిలోని నీళ్ళు వేళ్ళతో కక్కించినది. దారి పొడుగునా కలరా. ఆ వాగు నీళ్ళు త్రాగిన వాళ్ళ అమ్మమ్మ మరునాడు సాయంత్రము పోయినది. "కొట్టిన చేత్తోనే ఆయమ్మకి మన్నేసింది మాయమ్మ" అనేది నాయనమ్మ. ఇంతకు మించి చెప్పేది కాదు.

టాంగప్ నుండి పడవ, అక్యాబు నుండి ఓడ, చిట్టగాంగులో దిగి చాంద్‌పూరుకు రైలు, అక్కడి నుండి నదిలో స్టీమరు మీద గోయాలందో, మళ్ళీ రైలు మీద సియాల్దా, హౌరా. హౌరా నుండి బరంపురము సుమారు 600 కిలోమీటర్లు. ఇల్లు చేరేసరికి ఎండలు ముదిరినవి. ఈ దారిని ఆమె పేర్లతో చెప్పలేదు. "రైలు, ఓడ, రైలు, ఓడ, రైలు" అనేది. మేము రైల్వేలో చేరిన తరువాత పాత పటములు చూసుకొని ఏ రైలు ఏ ఓడయో కూర్చుకొన్నాము.

1942లో సెలవు మాట లేదు. ఎవరిని అడుగుతారు? ఇంటి యజమానీ పారిపోతున్నాడు, పోలీసూ పారిపోతున్నాడు.

వింత ఏమిటంటే, యుద్ధము ముగియగానే 1946లో మా ముత్తాత భార్యాపిల్లలతో మళ్ళీ రంగము వెళ్ళినాడు. అంత కష్టపడి వచ్చినవాడు మళ్ళీ ఎందుకు వెళ్ళినాడని మేము అడిగేవారము. నాయనమ్మ నవ్వేది. "ఏటుందిరా ఇక్కడ? పొలమా, పుట్రా? ఈడ మమ్మల్ని రంగపోళ్ళు అనేవోరు. ఆడ కోరంగోళ్ళు అనేవోరు. ఏదోటి అనిపించుకోవాలి గదా. ఆడైతే కూలి దొరికేది." కూలి ఒక కారణము. ఇంకొక కారణము కూడ వున్నదని మా అనుమానము. సెలవు పుచ్చుకోకుండా వచ్చిన ఊరు మనసులో ముల్లు వలె వుంటుంది. ముత్తాతకు ఆ ముల్లు వుండే వుంటుంది.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైనది. 1954లో నాయనమ్మ పెళ్ళి అయినది. తాతగారు మొగలు వీధి దగ్గర ఒక బట్టల కొట్టులో గుమాస్తా. వారి కాపురము ఒక మేడ వెనుక రెండు గదులలో. పక్క వాటాలో ఒక బర్మా కుటుంబము. ఆ ఇంటి ఇల్లాలిని నాయనమ్మ "అమా" అని పిలిచేది, బర్మా భాషలో అక్క అని అర్థము. చంకలో బిడ్డతో మొహింగా కలపడము, పిల్లల చెంపలకు తనకా గంధము పూయడము అమా నేర్పినది. చారు పెట్టడము, వడియాలు ఎండబెట్టడము నాయనమ్మ నేర్పినది. మా తండ్రిగారు 1959లో పుట్టినప్పుడు పురుడు పోసినవారిలో అమా ఒకరు. మొత్తము మీద ఆ పది పదకొండేళ్ళు బాగుగా జరిగినవి. బాగుగా జరిగిన రోజులను గురించి చెప్పుకొనుటకు ఎక్కువ వుండదు.

1962 మార్చి 2న నే విన్ సేనాపతి ప్రభుత్వమును చేజిక్కించుకొన్నాడు. 1964 మార్చిలో దుకాణములన్నీ జాతీయము చేసినారు. తాతగారి కొట్టుకు కూడ మనుషులు వచ్చి, తానులు లెక్క పెట్టి, జాబితా వ్రాసి, తాళము వేసినారు. జాబితా మీద యజమాని చేతులు వణుకుతూ వుంటే తాతగారు పక్కన నిలబడి ఏ తాను ఎన్ని గజములో తప్పులు దిద్దినారట. గుమాస్తా బుద్ధి అట్లాంటిది. మే 17న యాభై చాట్ల నోట్లు, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. కొట్లు లేవు, ఉద్యోగములు లేవు, దాచిన డబ్బు కాగితమైనది. ఆ తరువాత కొన్నేళ్ళలో లక్షలమంది ఇండియాకు వచ్చినారు. తమిళులు మద్రాసుకు, మనవాళ్ళు విశాఖపట్నమునకు. విశాఖలో కంచరపాలెము వైపు బర్మా క్యాంపు అనే పేట ఆనాటిదే. మద్రాసు రేవు దగ్గర బర్మా బజారు 1969లో వెలిసినది.

మావాళ్ళకు ఓడ 1965లో దొరికినది. ఈ మారు కొద్ది వారముల వ్యవధి వున్నది. నాయనమ్మ ఆ వారములను ఎట్లా వాడుకొన్నదో చెప్పడానికే ఇంతసేపు తీసుకొన్నాము.

ఆమె ఒక్కొక్క చోటికి వెళ్ళి సెలవు పుచ్చుకొన్నది. కూరలు కొనే బజారుకు వెళ్ళి బాకీలు తీర్చినది. బిడ్డకు మందిచ్చిన డాక్టరు ఇంటికి వెళ్ళినది. చివరి శనివారము తెల్లవారకముందే ష్వేడగాన్ పగోడాకు వెళ్ళినది. ఆ బంగారు గోపురము చుట్టూ వారముల దిక్కులుంటాయి. బుధవారమునకు ఉదయము, సాయంత్రము అని రెండు చేసి మొత్తము ఎనిమిది. ఎవరు ఏ వారము పుడితే ఆ దిక్కున వున్న మూర్తికి నీళ్ళు పోస్తారు. శనివారము పుట్టినవారికి నాగము. మా నాయనమ్మ శనివారము పుట్టినది. నాగుల చవితికి పాలు పోసే చేతులకు అది కొత్త గాదు. వయసుకు ఒకటి చొప్పున ఇరవై ఏడు చెంబులు పోసినదట. "ఏమని మొక్కినావు?" అంటే, "మొక్కలేదురా. ఎల్లొస్తానని చెప్పినాను" అన్నది.

మన ఇళ్ళలో గడప దాటేటప్పుడు "పోతాను" అనరాదు గదా. "వెళ్ళి వస్తాను" అనవలె. కాని ఆ రోజులలో రంగము విడిచేవారు తమ రిజిస్ట్రేషను కాగితము అక్కడ ఒప్పగించి రావలసినదే. మళ్ళీ వచ్చే హక్కు అక్కడితో సరి. ప్రభుత్వము వారు పొమ్మన్నారు, ఆమె మాత్రము వెళ్ళొస్తానని చెప్పుకొంటూ ఊరంతా తిరిగినది.

తాతగారు ఎక్కడికీ వెళ్ళలేదు. "పీడ విరగడైనది" అనేవారట. అయినా చివరి రోజు సాయంత్రము ఆయన కూడ తన పాత కొట్టుకు వెళ్ళినారు. అప్పటికి దానికి ప్రజల దుకాణము అని పేరు పెట్టి, ఒక నంబరు తగిలించినారు. వరుసలో నిలబడి రెండు గజముల తెల్ల గుడ్డ అడిగినారు. కొత్తగా వచ్చిన కుర్రవానికి గజకర్ర పట్టడము రాదు. గుడ్డను సాగదీసి కొలుస్తున్నాడు. తాతగారు కర్ర పుచ్చుకొని, గుడ్డ బల్ల మీద వదులుగా పరచి, బొటనవేలితో పట్టి ఎట్లా కొలవవలెనో చూపించినారు. ఆ కుర్రవాడు బర్మా పద్ధతిలో వంగి దండము పెట్టినాడట. ఇది తాతగారు తమ నోట చెప్పలేదు. గుడ్డ మాత్రము ఇంటికి తెచ్చినారు. దానిని ఎవరూ కుట్టించుకోలేదు.

రేవులో సోదా చేసిన ఒక ఉద్యోగి నాయనమ్మ మెడలోని గొలుసు తీసుకొని పుస్తెలు చేతికిచ్చినాడు. ఆమె అక్కడే పసుపు కొమ్ము తీసి దారానికి పసుపు రాచి పుస్తెలు గ్రుచ్చుకొన్నది. ఆ కొమ్ము ముందుగానే కొంగున కట్టుకొని వెళ్ళినది. ముందు వెళ్ళినవారి కబుర్లు విన్నది గదా. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమెకు కోపము వచ్చేది కాదు. ఆమె గొంతు పట్టుకొనేది ఇంకొక చోట. అమాను రేవు లోపలికి రానివ్వలేదు. వీధి మొగ వరకే వచ్చినది. పదేళ్ళు పక్కన వుండి మన మాటలు కొన్ని ఆమె నేర్చుకొన్నది. గుర్రపుబండి కదిలేటప్పుడు తెలుగులో "ఎల్లిరా" అన్నదట.

మా ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఆ మాట. 1930లో సెలవు లేదు, 1942లో లేదు. 1965లో రాజ్యము గెంటివేసినది, ఊరు మాత్రము సెలవిచ్చినది. ఊరు తరఫున ఇచ్చే అధికారము పక్కింటివారికి కాక ఇంకెవరికి వుంటుంది?

ఇక ముందు గుర్తుంచుకోమన్న మాట. రంగము కబుర్లు వచ్చినప్పుడు మన పెద్దలలో కొందరు పోయిన ఇళ్ళు, పోయిన కొట్లు, పోయిన బంగారము లెక్క పెట్టి, బర్మావాడు కృతఘ్నుడంటారు. వారి నష్టము నిజమే, కాదనము. కాని తాకట్టు పడిన పొలములను గురించి కూడ చెప్పుకోవలె. 1937 నాటికి దిగువ బర్మాలో వరి పండే భూమిలో ఇంచుమించు నాలుగో వంతు వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోయినది. రేవులో పని మనది, మిల్లులో పని మనది, పట్టణములో సగము మనది. మనము కూలికి వెళ్ళినవాళ్ళమే, దోచుకొనడానికి వెళ్ళలేదు. అయినా తన ఊరిలో తనకు చోటు దొరకని వాని కంటికి కూలివానికీ షావుకారుకూ భేదము కనబడదు. నాయనమ్మకు ఈ లెక్కలు తెలియవు. "ఆళ్ళ ఇంట్లో ముందు గది మనమే ఆక్రమించుకున్నాం. ఆళ్ళు దొడ్లో ఉండేవోరు. ఎన్నాళ్ళు ఊరుకుంటారు?" అనేది. తాను రెండు గదులలో కాపురమున్న మనిషి ఆ మాట అన్నది. మా అభిప్రాయమూ అదే. ఇట్లా అన్నందుకు మామీద కోపము వచ్చేవారు సభ అయిన తరువాత రావచ్చును, మాట్లాడుకొందాము.

విశాఖలో కొన్ని నెలలు క్యాంపులో వుండి మావాళ్ళు బరంపురము వచ్చినారు. తాతగారికి అప్పటికి ముప్పై అయిదేళ్ళు. 1963 జూన్ 1 తరువాత బర్మా నుండి వచ్చినవారికి సర్కారు ఉద్యోగములలో వయసు సడలింపు ఇచ్చినారు. దాని మూలమున ఆయనకు రైల్వేలో పోర్టరు పని దొరికినది. తరువాత మా తండ్రిగారు, ఇప్పుడు మేము. మేము తినే ఈ రైల్వే అన్నము ఒక విధముగా రంగము పెట్టినదే. ఈనాటి ఉద్యోగ ప్రకటనలలో కూడ పౌరసత్వము షరతు దగ్గర బర్మా నుండి వచ్చి స్థిరపడినవారి మాట వుంటుంది. దరఖాస్తు పెట్టే కుర్రవాళ్ళు దాటవేసి చదువుతారు. మేము మాత్రము ఆ వాక్యము దగ్గర ఒక నిముషము ఆగుతాము.

ఇక్కడ నాయనమ్మ ఖౌస్వే వండేది. రంగములో వేసే చేపల ముద్ద దొరకక గోపాలపురము ఎండుచేపలు దంచి వేసేది. విశాఖలో బండ్ల మీద అమ్మేది తిని "ఇది ఉప్మా" అని తీర్పు చెప్పినది. ఆ తీర్పు అన్యాయమని మేము అనుకొంటాము, అది కూడ బాగానే వుంటుంది.

2012 ప్రాంతములో బర్మా తలుపులు కొంచెము తెరిచినారు. మద్రాసులో వున్న మా బంధువు ఒకాయన నాయనమ్మను విమానములో తీసుకొని వెళ్ళి చూపిస్తానన్నాడు. డబ్బు మేమూ కొంత పోగు చేసినాము. ఆమె ఒప్పుకోలేదు. ఓపిక లేక కాదు, ఆ ఏడాదే పూరీ వెళ్ళి వచ్చినది. "మళ్ళీ ఎల్తే మళ్ళీ సెలవు పుచ్చుకోవాలి గదరా. ఒకపాలి పుచ్చుకున్నాను, అమా ఇచ్చింది. అది చాలు" అన్నది. అమాను వెతకవచ్చునని మేము ఆశ పెట్టినాము. చాలాసేపు మాట్లాడలేదు. "ఉంటే సంతోషం. లేదని తెలిస్తే ఏటి చేస్తాను?" అన్నది. 2019లో ఎనభై ఒకటవ యేట ఆమె పోయినది. 2021 ఫిబ్రవరి 1న అక్కడ మళ్ళీ సైన్యము ప్రభుత్వమును పట్టుకొన్నది, దేశములో పోరు మొదలైనది. ఆ వార్త ఆమె వినలేదు గదా అని ఇంటిలో అందరమూ అనుకొన్నాము.

రంగము విడువని తెలుగువారు కూడ వున్నారని మరువరాదు. యాంగాన్‌లోను, మౌల్‌మేను వైపు పల్లెలలోను ఇప్పటికీ మనవాళ్ళున్నారు. వారి ఉగాది ఎట్లా జరిగినదో మనకు తెలియదు.

చివరగా ఒక పని వున్నది. మా ఇంటిలో నాయనమ్మ పెట్టె తెరిస్తే భారత రాయబార కార్యాలయము ఇచ్చిన ప్రయాణపు కాగితము, దాని మీద ఆమె ఫొటో, చంకలో మా తండ్రిగారు, అడుగున తాతగారి రెండు గజముల గుడ్డ దొరికినవి. కాగితమునకు చెద పట్టడము మొదలైనది. కార్యదర్శిగారితో మాట్లాడినాము. సంఘము గ్రంథాలయములో ఒక బీరువా ఇస్తామన్నారు. మీ ఇళ్ళలో రంగము కాగితములు, ఫొటోలు, ఓడ టిక్కెట్లు, ఉత్తరములు ఏవి వున్నా తీసుకొని రండి. కాపీలు తీసి అసలు మీకే ఇస్తాము. రంగములో పుట్టిన పెద్దలు ఈ సభలోనే ముగ్గురు వున్నారని విన్నాము. వారు చెప్తే వ్రాసుకొనుటకు ఆదివారములు మాకు ఖాళీ. డ్యూటీ మారితే ముందుగా కబురు చేస్తాము.

పులిహోర వడ్డిస్తున్నారు. సెలవు.